బడా సాబ్ జోసెఫ్ బెల్

(విశాఖపట్నంలో మెరైన్ ఇంజనీర్లూ వారి కుటుంబాలూ కలుసుకున్న ఏప్రిల్ సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసమంటే మామూలుగా మనం ఎరిగిన మనిషి గురించి చెప్పుకుంటాం. ఎవరి గురించి మాట్లాడతారని నిర్వాహకులు అడిగినప్పుడు నేను చెప్పిన పేరు విని కాస్త తటపటాయించారు. వందేళ్ల పైచిలుకు కిందట పోయిన ఇంగ్లీషు దొర గురించి విశాఖపట్నంలో ఎందుకండీ అన్నారు. వినండి, తర్వాత మీరే చెబుదురుగాని అన్నాను.

ఆయన పేరు జోసెఫ్ బెల్. టైటానిక్ ఓడకి చీఫ్ ఇంజనీరు. మన ఓడల మీద మాటలో చెప్పాలంటే బడా సాబ్. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఉత్తర అట్లాంటిక్‌లో ఓడతోపాటు పోయారు. అప్పటికి ఆయనకి 51 ఏళ్లు. ఇంట్లో భార్య, నలుగురు పిల్లలు.

టైటానిక్ పేరు వినని ఇల్లు లేదు. కెప్టెన్ స్మిత్ తెలుసు, ఓడ యజమాని ఇస్మే తెలుసు, చివరిదాకా వాయించిన బ్యాండువాళ్లు తెలుసు. ఓడ నమూనా గీసిన థామస్ ఆండ్రూస్‌నీ సినిమా పుణ్యమా అని గుర్తుపడతాం. చీఫ్ ఇంజనీరు పేరు చెప్పమంటే మన వృత్తిలోవాళ్లే తలలు గోక్కుంటారు. సినిమాలో ఆయన కొన్ని క్షణాలు కనిపించి ఆవిరిలో కలిసిపోతాడు. దీనికి నేనేమీ నొచ్చుకోను. ఓడలో ప్రయాణించేవాళ్లకి ఇంజిన్ గది గుర్తొచ్చేది ఇంజిన్ ఆగినప్పుడే. నా బాధ వేరే. ఆయన్ని గుర్తుపెట్టుకున్న కొద్దిమందీ సగం కట్టుకథలతో గుర్తుపెట్టుకున్నారు. ఆ కథల్లో ఒక గొప్ప వీరుడుంటాడు, నలుగురు పిల్లల తండ్రి మాత్రం కనపడడు.

బెల్ 1861 మార్చిలో ఇంగ్లండ్ ఉత్తరాన కంబర్లాండ్‌లోని ఫార్లమ్ అనే పల్లెలో ఒక రైతు ఇంట పుట్టారు. చుట్టుపక్కల బొగ్గు గనులు, బొగ్గు మోసే రైలు. స్టీఫెన్సన్ల ‘రాకెట్’ రైలింజను సంగతి మీరంతా చదువుకునే ఉంటారు, 1829 నాటిది. దాని చివరి కొలువు ఎక్కడో తెలుసా? ఆ ప్రాంతపు బొగ్గు రైలు దారి మీదే. పని మానేశాక అక్కడే పడి ఉండి, 1862లో మ్యూజియంకి చేరింది. అంటే బెల్ పాకే వయసులో ఉన్నప్పుడు రాకెట్ ఆ చుట్టుపక్కల తుప్పు పడుతోంది. ఆ పిల్లాడు పెద్దయి పని నేర్చుకోవడానికి చేరింది న్యూకాజిల్‌లో రాకెట్‌ని తయారుచేసిన రాబర్ట్ స్టీఫెన్సన్ కంపెనీలోనే. దీన్ని విధి అని నేననను. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో చేతిపని తెలిసిన రైతు కొడుకు వెళ్లదగ్గ చోట్లు నాలుగైదే ఉండేవి. కానీ తలచుకుంటే ముచ్చటేస్తుంది.

అక్కణ్నుంచి లాంపోర్ట్ అండ్ హోల్ట్ వారి ఓడలు, 1885లో వైట్ స్టార్ కంపెనీ. 1891 నాటికి, ముప్పై ఏళ్లకే, ‘కాప్టిక్’ అనే స్టీమరు మీద చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1893లో పెళ్లి. ఈ రెండు తేదీలనీ పక్కపక్కన పెట్టి చూడండి. చీఫ్ అయ్యాకే పెళ్లి చేసుకున్నారు. మన దగ్గర సెకండ్ ఇంజనీరు టికెట్ చేతికొచ్చేదాకా పిల్లనివ్వం అనే మామగార్లని నేను బాగా ఎరుగుదును. నా మామగారే అలాంటివారు. ఇంగ్లండ్‌లోనూ ఓడవాడికి పిల్లనివ్వాలంటే అదే లెక్క అయి ఉంటుందని నా అనుమానం.

ఆయనకి అప్పజెప్పిన యంత్రాల లెక్క కేడెట్లకి చెప్పాలి. 29 బాయిలర్లు, వాటికి 159 పొయ్యిలు. ఆరు బాయిలర్ గదులు. రెండు ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజిన్లు, వాటిలోంచి బయటికొచ్చిన నీరసపు ఆవిరితో తిరిగే పార్సన్స్ టర్బైన్ ఒకటి. అదుపు తప్పనీయకుండా తిప్పాల్సిన ప్రొపెల్లర్లు మూడు. రోజుకి ఆరు వందల టన్నులకి పైగా బొగ్గు. ఇదంతా మనుషుల చేతి పారలతో పడాలి. ఏ పొయ్యిలో ఎప్పుడు వేయాలో చెప్పడానికి కిల్‌రాయ్ ఇండికేటర్ అని ఒక పరికరం ఉండేది. గంట మోగుతుంది, పొయ్యి నంబరు కనబడుతుంది, మనిషి తలుపు తీసి బొగ్గు వేస్తాడు, మళ్లీ గంట. నాలుగు గంటల వాచ్ అంతా ఆ గంట చెప్పినట్టే. నేటి పిల్లలు ఎయిర్ కండిషన్ వేసిన కంట్రోల్ రూములో కూర్చుని అలారం మోగిందని విసుక్కుంటారు. ఆ బాయిలర్ గదుల్లో అయితే అలారానికీ పనికీ తేడా ఉండేది కాదు.

ఈ పని కింద మూడొందలకి పైగా మనుషులున్నారు. ఫైర్‌మెన్, ట్రిమ్మర్లు, గ్రీజర్లు. మన పాత స్టీమర్ల మీదైతే ఆగ్‌వాలా, కోయ్‌లావాలా, తేల్‌వాలా. కాకినాడ నుంచీ, ఈ విశాఖ నుంచీ మన తాతలు రంగూన్ వెళ్లిన ఓడల అడుగున కూడా ఇలాంటివాళ్లే బొగ్గు కొట్టారు. పైన డెక్కు మీద చాపలు పరుచుకుని వాంతులతో అల్లాడిన మనవాళ్లకి తమ కాళ్ల కింద ఎవరున్నారో తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు ఇంటి సంగతి. బెల్‌కి నలుగురు పిల్లలని చెప్పాను. పెద్దకొడుకు బెల్ఫాస్ట్‌లో, టైటానిక్‌ని కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులోనే అప్రెంటిస్. ఓడ సౌతాంప్టన్ వదిలాక, ఏప్రిల్ 11న ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ దగ్గర లంగరు వేసి టపా దింపింది. ఆ టపాలో తండ్రి కొడుక్కి రాసిన ఉత్తరం ఒకటి వెళ్లింది. అదే ఆఖరుది.

ఆ ఉత్తరంలో ఏముంటుందనుకుంటారు? పెద్ద మాటలేం లేవు. యంత్రాలన్నీ భేషుగ్గా నడుస్తున్నాయన్నారు. సౌతాంప్టన్‌లో బయల్దేరేటప్పుడు ‘న్యూయార్క్’ అనే ఓడకి గుద్దుకోబోయిన సంగతి చెప్పారు. మన ప్రొపెల్లర్లు లాగిన నీటికి ఒడ్డున కట్టిన ఓడ మోకులు తెగిపోయాయనీ, అది ఏట్లోకి కొట్టుకొస్తుంటే టగ్గులు పట్టుకున్నాయనీ, నష్టమేమీ లేదుగానీ చూడ్డానికి గండంలాగే అనిపించిందనీ రాశారు. ఒళ్లు జాగ్రత్త, బుద్ధిగా ఉండు అని ముగించారు.

పైపైన చదివితే ఇదేం ఉత్తరం అనిపిస్తుంది. మన ఇళ్లలో పెరిగినవాళ్లకి మాత్రం వెంటనే అర్థమవుతుంది. కొడుకు యంత్రాల పని నేర్చుకుంటున్నాడు. వాడు యార్డులో కట్టగా చూసిన ఓడ నీళ్లలో ఎలా నడుస్తోందో తెలుసుకోవాలని ఉంటుంది. తండ్రి దానికే జవాబు రాశాడు. మోకులు ఎందుకు తెగాయో కారణంతో సహా చెప్పాడు. ఒక చీఫ్ ఇంజనీరు ఒక అప్రెంటిస్‌ని తోటి పనివాడిగా లెక్కలోకి తీసుకుని మాట్లాడటం ఎంత గొప్ప మన్ననో ముందు వరసలో ఉన్న కేడెట్ పిల్లలకి ఇంకో ఆరేడేళ్లకి తెలుస్తుంది. దాన్ని మించిన ముద్దు నాకు తెలిసిన ఏ ఇంజనీరు తండ్రీ చేయలేదు.

మా తరంవాళ్లం అంతే. రేవులో ఏజెంటు పట్టుకొచ్చే ఉత్తరాల సంచీ కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవాళ్లం. ఉత్తరం చేతికందాక రాసే జవాబులో మాత్రం బావి మోటారు కెపాసిటర్ మార్పించారా, వానాకాలం వస్తోంది, మెయిన్ స్విచ్ దగ్గర చెమ్మ ఉందేమో చూడండి అని ఉండేది. మా ఆవిడ ఒకసారి తిరుగు టపాలో రాసింది: “మోటారు క్షేమం. స్విచ్చు క్షేమం. మేమూ క్షేమమే, అడగలేదు గానీ.” సెలవులో ఇంటికొస్తే ఇంకా అన్యాయం. ఫ్యాను శబ్దం విని బేరింగు పోతోందని అర్ధరాత్రి స్టూలెక్కేవాడు, పెళ్లింట్లో జనరేటరు దగ్గర నిలబడి భోజనం సంగతి మరిచిపోయేవాడు ఈ హాల్లో కనీసం పది మంది ఉన్నారు. నవ్వుతున్నది ఎవరో చూస్తున్నాను. వాళ్ల ఆడవాళ్లే.

ఇక ఆ రాత్రి. ఏప్రిల్ 14, రాత్రి 11.40. బెల్ ఆ క్షణంలో ఎక్కడున్నారో నమ్మకంగా చెప్పే సాక్ష్యం నాకు కనపడలేదు, కల్పించి చెప్పను. ఆరో నంబరు బాయిలర్ గదిలో లీడింగ్ ఫైర్‌మన్ ఫ్రెడరిక్ బారెట్, సెకండ్ ఇంజనీరు హెస్కెత్ మాట్లాడుకుంటున్నారు. ఆపమని సంకేతం వచ్చింది. పొయ్యిల గాలి తలుపులు మూయమని అరిచేలోపే ఓడ పక్క చీలి, నేల పలకలకి రెండడుగుల ఎత్తున సముద్రం లోపలికి దూకింది. ఇద్దరూ దిగిపోతున్న వాటర్‌టైట్ తలుపు కిందనుంచి అయిదో గదిలోకి ఉరికారు. బారెట్ బతికి బయటపడి విచారణలో చెప్పాడు కాబట్టి మనకి తెలిసింది.

అయిదో గదిలో జరిగింది కొంచెం నిదానంగా చెబుతాను. పొయ్యిల్లో మంట లాగేయమన్నారు. ఎర్రగా కాలిన బాయిలరుకి మంచునీళ్లు తగిలితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మండే బొగ్గుని పారలతో బయటికి లాగి నీళ్లు కొట్టారు. గదంతా ఆవిరి. ఎదుటి మనిషి కనపడడు. పంపుల వాల్వులు తిప్పడానికని హార్వే అనే ఇంజనీరు నేల మీది మ్యాన్‌హోల్ మూత తీయించాడు. షెపర్డ్ అనే మరో ఇంజనీరు హడావుడిగా అటు వస్తూ, ఆ ఆవిరిలో కన్నం కనపడక అందులో కాలేసి పడ్డాడు. కాలు విరిగింది. ఎత్తి పంపు గదిలో పడుకోబెట్టారు. కాసేపటికి బాయిలర్ల సందులోంచి నురుగు కట్టుకుంటూ నీళ్లొచ్చాయి. పైకి పొమ్మని హార్వే బారెట్‌ని తోలాడు. నిచ్చెనెక్కుతున్న బారెట్‌కి హార్వే షెపర్డ్ ఉన్న వైపు పోవడమే ఆఖరి చూపు.

మ్యాన్‌హోల్ మూత తీసి పక్కన గుర్తు పెట్టకుండా వదిలేశారని నా వాచ్‌లో ఎందరి మీద కేకలేశానో! ఆ కేకల వెనక షెపర్డ్ ఉన్నాడు.

ఇప్పుడు బెల్ ముందున్న లెక్క. ఓడలోని పంపులన్నీ కలిపి గంటకి సుమారు 1,700 టన్నుల నీళ్లు తోడగలవు. ఓడని కట్టిన కంపెనీ తరఫున విచారణకొచ్చిన ఎడ్వర్డ్ వైల్డింగ్ లెక్కగట్టింది, మొదటి నలభై నిమిషాల్లో దాదాపు 16,000 టన్నులు లోపలికి వచ్చాయని. పడ్డ చీలికల వైశాల్యమంతా కలిపినా పన్నెండు చదరపు అడుగులే, మన ఇంటి కిటికీ అంత. పంపులు గెలవవు. ఇది తెలియడానికి చీఫ్ ఇంజనీరుకి కాగితం కలం అక్కర్లేదు. అయినా వెనక గదుల్లోంచి పెద్ద సక్షన్ పైపుని మోసుకొచ్చి ముందుకి బిగించారు. దాన్ని తేవడానికి మూసుకున్న వాటర్‌టైట్ తలుపుల్ని చేత్తో ఒక్కొక్కటే ఎత్తారు. తలుపులెత్తిన సంగతికి ట్రిమ్మర్ థామస్ డిల్లన్ సాక్ష్యం ఉంది. ఓడని కాపాడడానికి కాదు ఆ పైపు. ఇంకో పావుగంట, ఇంకో అరగంట. ఒక్కో పావుగంటలో ఇంకో రెండు బోట్లు కిందికి దిగుతాయి. గంట, మహా అయితే గంటన్నర అని ఆండ్రూస్ అంచనా వేసిన ఓడ, గుద్దుకున్నాక రెండు గంటల నలభై నిమిషాలు తేలింది.

దీపాలు ఆరకపోవడం రెండో సంగతి. ఓడలో ఒక్కోటి 400 కిలోవాట్ల డైనమోలు నాలుగు, పైన డెక్కు మీద 30 కిలోవాట్ల అత్యవసర డైనమోలు రెండు. అవి తిరగాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి ఎక్కడో ఒక చోట నిప్పు ఉండాలి, దాని దగ్గర మనిషి ఉండాలి. వెలుతురుంది కాబట్టి బోట్లు దింపగలిగారు, తల్లులు పిల్లల్ని వెతుక్కోగలిగారు. కరెంటుంది కాబట్టి వైర్‌లెస్ పలికింది. ఇంజిన్ గదిలోకి నీళ్లొచ్చేశాయన్న కబురు కూడా ఆ కరెంటు మీదే ‘కార్పేథియా’ ఓడకి చేరింది. ఏడు వందల మందికి పైగా బతికారు. ఓడ మునగడానికి ఒకటి రెండు నిమిషాల ముందుదాకా దీపాలున్నాయని బతికినవాళ్లలో చాలామంది చెప్పారు.

ఇక్కడే కట్టుకథల సంగతి ఎత్తాలి. కలకత్తా తారాతలా కాలేజీలో చేరిన మొదటి రోజుల్లోనే మా సీనియర్లు చెప్పిన కథ: ఇంజనీర్ల భుజం మీద బంగారు చారల మధ్య ఊదారంగు ఎందుకో తెలుసా, టైటానిక్ ఇంజనీర్ల త్యాగానికి గుర్తుగా అయిదో జార్జి రాజు ఇచ్చాడు అని. గర్వంతో మా ఛాతీలు ఉప్పొంగాయి. నిజానికి బ్రిటిష్ నౌకాదళం ఇంజనీర్లకి ఊదారంగు 1863లోనే ఇచ్చింది, బెల్ రెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు. కథ అందంగా ఉందని దాన్ని మోయక్కర్లేదు. ఆయన గొప్పతనానికి రాజుగారి రంగు అరువు అక్కర్లేదు.

రెండో కథ ఇంకా బలమైనది. ఇంజనీర్లంతా చివరి క్షణం దాకా కిందే, యంత్రాల దగ్గరే నిలబడి మునిగిపోయారని. ఇంజనీర్లు, ఎలక్ట్రీషియన్లు, బాయిలర్ మేకర్లు, ప్లంబరు, గుమాస్తా కలిపి 35 మంది. ఒక్కరూ తిరిగి రాలేదు. ఇది నిజం. కానీ విచారణ కాగితాలు చదివితే మరో సంగతి బయటపడుతుంది. ఒక దశలో కిందివాళ్లందరినీ లైఫ్‌బెల్టులు కట్టుకుని పైకి పొమ్మన్నారు. ఇంజిన్ గది వదలమనే మాట చీఫ్ నోటి నుంచో, ఆయన ఒప్పుకోలుతోనో తప్ప రాదు, అది మనందరికీ తెలిసిన రివాజు. ఫ్రెడరిక్ స్కాట్ అనే గ్రీజర్ తాను పైకొచ్చాక బోట్ డెక్కు మీద ఎలక్ట్రిక్ క్రేను పక్కన ఇంజనీర్లు నిలబడి ఉండగా చూశానన్నాడు. అంటే వాళ్లలో కొందరైనా పైకొచ్చారు. వచ్చేసరికి ఎక్కడానికి ఏమీ మిగల్లేదు. ఓడలో సుమారు 2,200 మంది, బోట్లలో చోటు 1,178 మందికి, అదీ నిండా ఎక్కిస్తే.

కొందరికి ఈ సాక్ష్యం నచ్చదు. వీరగాథ చిన్నబోతుందని భయం. నాకు మాత్రం ఇది తెలిశాకే బెల్ మీద ప్రేమ కలిగింది. చావాలని కూర్చున్న మనిషి కాదాయన. ఇంటికి పోవాలని ఉన్న మనిషి. పని మిగిలినంతసేపు పనిచేసి, పని అయిపోయిందనిపించినప్పుడు ముందు ఆగ్‌వాలాలని, గ్రీజర్లని పైకి తోలిన పెద్దదిక్కు. వాళ్లూ తండ్రులే. బారెట్, డిల్లన్, స్కాట్ ముగ్గురూ బతికారు. కుటుంబాన్ని కాదని కర్తవ్యాన్ని ఎంచుకున్నాడని స్మారక సభల్లో తరచుగా వినే మాట ఒకటుంది. ఎవరు చెప్పారు, ఆయన కాదన్నాడని? ఎంచుకోవడానికి ఆయన ముందు రెండు వాకిళ్లు పెట్టిందెవరు? ఆ ఆఖరి గంటలో ఆయన ఏమనుకున్నారో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆయన దేహం దొరకలేదు. కొడుకు చేతిలో మాత్రం యంత్రాలు భేషుగ్గా నడుస్తున్నాయన్న ఉత్తరం ఉంది.

సౌతాంప్టన్ ఊరివాళ్లు ఐదు వందలకి పైగా పోయారు, ఎక్కువమంది ఓడ సిబ్బందే. ఊళ్లో కొన్ని వీధుల్లో సంతాపంగా ఇంటింటా కిటికీ తెరలు దించుకున్నారు. 1914 ఏప్రిల్ 22న అక్కడి పార్కులో ఇంజనీర్లకి స్మారకం వెలిసింది. మెరైన్ ఇంజనీర్ల సంస్థ అధ్యక్షుడు సర్ ఆర్చిబాల్డ్ డెన్నీ ఆవిష్కరించారు. రెక్కలు చాచిన కంచు దేవత, రెండు వైపులా పనిలో ఉన్న ఇంజనీర్లు. చూసి దండం పెట్టుకున్నాను. పెట్టుకుంటూనే ఒకటి గమనించాను. ఆ రాతి మీద ఇంజనీరు ఆఫీసర్ల పేర్లే ఉన్నాయి. వాళ్లతో కలిసి పొయ్యిల ముందు నిలబడిన ఫైర్‌మెన్ పేర్లు లేవు. లివర్‌పూల్ రేవులో 1916లో లేచిన రెండో స్మారకం కాస్త నయం. శిల్పి గాస్కోంబ్ జాన్ దాని మీద నడుము దాకా బట్టల్లేకుండా చెమటోడ్చే బొగ్గు కూలీని కూడా నిలబెట్టాడు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఎన్నో ఇంజిన్ గదులు సముద్రం పాలవడంతో, దాన్ని ఇంజిన్ గదుల్లో పోయినవాళ్లందరికీ అంకితం చేశారు.

రాళ్ల సంగతి చాలు. నన్ను ఈ ఉపన్యాసానికి ప్రేరేపించింది డబ్బు సంగతి. అవును, డబ్బే.

ఆనాటి బ్రిటిష్ చట్టంలో ఓడ మునిగిన క్షణంతో జీతం ఆగిపోయేది. ఓడ లేదు, కొలువు లేదు. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజాము 2.20తో బెల్ గారి జీతమూ ఆగింది, బొగ్గు మోసిన ట్రిమ్మరు కుర్రాడి జీతమూ ఆగింది. బతికి తీరం చేరినవాళ్లదీ అంతే. జనం చందాలు వేసుకుని పెద్ద సహాయ నిధి పెట్టారు. ఆ నిధిలో విధవలకిచ్చే పింఛనుని పోయిన మనిషి హోదాని బట్టి తరగతులు చేసి పంచారు. పైతరగతి విధవకి ఎక్కువ, అడుగు తరగతి విధవకి తక్కువ. ఒకే నీళ్లలో పోయినవాళ్ల పెళ్లాలకి ఆకలి మాత్రం తరగతులవారీగా వేస్తుందన్న మాట.

ఇంజనీర్ల సంస్థ అదే ఏడాది టైటానిక్ ఇంజనీర్ల పేరిట వేరే నిధి మొదలుపెట్టింది. పోయినవాళ్ల భార్యాపిల్లల్ని, ముసలి తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి. ఆ నిధి మూతపడలేదు. గిల్డ్ ఆఫ్ బెనెవలెన్స్ అన్న పేరుతో నేటికీ, కష్టంలో ఉన్న మెరైన్ ఇంజనీర్ల కుటుంబాలకి సాయం చేస్తోంది. కంచు దేవత కంటే ఇది పెద్ద స్మారకం అంటాను నేను.

చట్టమూ నెమ్మదిగా కదిలింది. 1920లో జెనోవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం చేసింది. ఓడ మునిగితే నావికుడికి గరిష్ఠంగా రెండు నెలల దాకా పరిహారం ఇవ్వాలని. రెండు నెలలు! అయినా మొదటి మెట్టు. ఆ మెట్ల మీదే నడిచి 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ దాకా వచ్చాం. మన దేశం దాన్ని 2015లో ఆమోదించింది. 2017 నుంచి, యజమాని ఓడని గాలికొదిలేస్తే సిబ్బంది జీతాలకీ, ఇంటికి చేర్చడానికీ, పనిలో మనిషి పోతే కుటుంబ పరిహారానికీ ముందుగానే హామీ చూపించాలన్న నిబంధన అమల్లో ఉంది. ఆ హామీ పత్రం ఓడలో అందరికీ కనపడేలా అంటించి ఉండాలి. మెస్ రూము దగ్గర నోటీసు బోర్డు మీద ఉంటుంది. కేడెట్లూ, ఓడెక్కిన రోజు ముందు దాన్ని చదవండి, వైఫై పాస్‌వర్డ్ తర్వాత అడుగుదురుగాని.

ఇవన్నీ ఉన్నా కాగితం సరిగా లేకపోతే ఇంటికి ఏమీ చేరదు. 1979లో గోవా నుంచి ఇనుప ఖనిజంతో బయల్దేరిన మన ‘కైరళి’ ఓడ మనుషులతో సహా జాడ లేకుండా పోయింది. శకలం దొరకలేదు, దేహం దొరకలేదు. పోయినట్టా, ఉన్నట్టా? ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి అనుభవించింది దుఃఖమొక్కటే కాదు, ఆఫీసుల చుట్టూ తిరగడం కూడా. మనిషి లేడని నిరూపించలేని ఇంటికి డబ్బు రావడం ఎంత కష్టమో, ఆ పని మీద తిరిగిన ఆడవాళ్లకి తెలుస్తుంది.

అందుకని నిర్వాహకులతో ముందే మాట్లాడుకుని ఒక పని చేయించాను. బయట టీ బల్ల పక్కన ఇంకో బల్ల వేసి ఉంది. దాని మీద నామినేషన్ ఫారాలు, భవిష్యనిధివీ బీమావీ, పెట్టించాను. పెళ్లయి పిల్లలు పుట్టినా కాగితాల్లో ఇంకా తల్లి పేరో, చనిపోయిన తండ్రి పేరో ఉన్న ఇంజనీర్లు ఈ హాల్లో ఎందరో నాకు తెలుసు, ఎందుకంటే ఆ లెక్క నిన్ననే మీ ఇళ్లకి ఫోన్ చేసి మీ ఆడవాళ్లని అడిగాను. చేతులెత్తనక్కర్లేదు. కలం లేనివాళ్లకి నా దగ్గర ఉంది. భార్య పేరు, ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయండి. రాశాక ఆవిడకి చూపించి సంతకం పెట్టండి. టీ తర్వాత.